తెల్ల టేపు కింద

డాన్సు టీచరు కారు మూడోసారి మా షాపు ముందు ఆగేసరికి నేను వేరే బండి డాష్‌బోర్డు కింద తల దూర్చి వెల్లకిలా పడుకుని ఉన్నాను. తలుపు ధడేల్మని వేసిన చప్పుడుకే ఎవరో తెలిసిపోయింది.  ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఎందుకు మండదు చెప్పండి? ఆ కారులో తీగలన్నీ నేనే లాగాను. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అయినా ఆ కారు మళ్ళీ వచ్చింది, నా కొంప ముంచడానికి.

"పాట వస్తోందండీ, దరువు రావట్లేదు!" టీచరు గుమ్మంలోనే అందుకుంది. "పార్కులో అరవై మంది ఆడవాళ్ళు కాలెత్తి నిలబడ్డారు, ఎప్పుడు దించాలో తెలీక! నేను నోటితో ధన్ ధన్ అని అరవాల్సొచ్చింది. గొంతెలా పోయిందో వినండి!"

నిజంగానే గొంతు బొంగురుగా ఉంది. ఆమె నలభై దాటిన మనిషి. రోజూ పొద్దున్నే పార్కులో డిక్కీ తెరిచి, పాటలు వేసి, వచ్చినవాళ్ళ చేత గంటసేపు గంతులేయిస్తుంది. అదే ఆమె బతుకుతెరువు. అందుకే డిక్కీలో రెండు పెద్ద వూఫర్లు పెట్టించుకుంది. వూఫరంటే పాటలోని దరువును మోగించే లావుపాటి స్పీకరు. ఒక్కటి సరిపోతుందండీ అని నేనంటే, "కాదమ్మా, నాకు కడుపులో అదరాలి" అంది. సరే అని రెండు పెట్టాం. రెండూ కదులుతున్నాయి, రెండూ ఏదో గొణుగుతున్నాయి, కడుపులో మాత్రం ఏమీ అదరట్లేదు.

నేను తల బయటికి లాగేసరికి కౌంటర్లో మా ఆయన లేచి నిలబడి నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు. అట్టపెట్టెలు సర్దుతున్న మా మరిది ఆ పని ఆపేసి, తీరిగ్గా గోడకు ఆనుకుని, నా వైపు చూసి నవ్వాడు. మా మామగారు, షాపులో అందరూ పెద్దాయన అనే మనిషి, తన ఎత్తు స్టూలు మీద నుంచి కదల్లేదు.

"విన్నావుగా అమ్మా," అన్నారు నాతో.

విన్నాను. పోయినసారి ఆ కారు వచ్చినప్పుడు ఆయన అన్న మాటా విన్నాను. "ఇంకొక్కసారి ఈ కారు తిరిగొస్తే నువ్వు కారు ముట్టుకోవద్దు. కౌంటర్లో ఉండి, వచ్చినవాళ్ళకి కుర్చీలు వెయ్యి." పద్నాలుగేళ్ళు తీగలు లాగిన మనిషిని, కుర్చీలు వెయ్యమన్నారు!

అసలు ఈ పని నాకు నేర్పిందే ఆయన. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో నేను అన్నం క్యారియరు పట్టుకుని షాపుకు వచ్చేదాన్ని. ఒకరోజు సీటు కింద సందులో చెయ్యి పట్టక ఆయన తిట్టుకుంటున్నారు. "నా చెయ్యి సన్నం కదా మామయ్యా, నేను పెట్టనా?" అన్నాను. పెట్టాను. ఒక్క పట్టుకే తీగ అవతలికి వచ్చింది. ఆ మర్నాటి నుంచి క్యారియరు తేవడం మా మరిది పనయింది, తీగలు లాగడం నా పనయింది. "నా కొడుకులిద్దరి చేతుల్లో లేనిది ఈ పిల్ల చేతుల్లో ఉంది" అని ఆయన పదిమంది ముందు అన్నారు. ఆ మాట మా మరిదికి ఇప్పటికీ అరగలేదు. నేను మాత్రం ఇన్నేళ్ళూ ఆ మాట తిని బతికాను. వేళ్ళు కోసుకుపోయినా, ఎండాకాలం కారులో ఉడికిపోయినా, ఎవరైనా వచ్చి "మీ ఆయన్ని పిలవమ్మా, నీకేం తెలుస్తుంది" అన్నా, ఆ ఒక్క మాట తలుచుకుని సర్దుకున్నాను.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే ఈ కథ తెలియదు కనుక చెబుతున్నాను. కారులో పనంతా ఎవరు చేసినా, చిట్టచివరి ముడి పెద్దాయనే వేయాలి. యాంప్లిఫయరు నుంచి నేను లాగిన తీగలు రెండు, ఎరుపూ నలుపూ, వూఫరు పెట్టె దాకా వస్తాయి. వూఫరు నుంచి వచ్చే తీగలూ ఎరుపూ నలుపే. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి, దాని మీద తెల్ల టేపు వేసి, పెన్నుతో తన పేరులో మొదటి అక్షరం రాస్తారు ఆయన. "ఈ ముడి ఊడితే నన్నడగండి" అంటారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కటీ ఊడలేదు. తెల్ల టేపు ఉందో లేదో డిక్కీలోకి వంగి చూసుకుని మరీ బండి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. రిపేరుకు ఏ కారొచ్చినా, ఏం విప్పినా, ఆ టేపును మాత్రం మేమెవరం ముట్టుకోం. ముట్టుకోవాలన్న ఆలోచనే రాదు.

అందుకే ఈ కారు మొదటిసారి వచ్చినప్పుడు నేను టేపు తప్ప అన్నీ చూశాను. బ్యాటరీ చూశాను. ఫ్యూజు మార్చాను. కారు ఇనుముకు బిగించే ఎర్త్ తీగ దగ్గర పెయింటు మిగిలిందేమోనని గీకి గీకి మెరిసేదాకా తోమి మళ్ళీ బిగించాను. రెండోసారి వచ్చినప్పుడు వూఫరు పెట్టెల అంచులన్నీ చెయ్యి పెట్టి తడిమాను, గాలి లీకయినా దరువు చచ్చిపోతుంది కదా అని. ఎక్కడా లేదు. అప్పుడే మా మరిది వచ్చి, "ఇదిగో వదినా, ఇలా చెయ్యాలి" అని యాంప్లిఫయరు నాబు చివరిదాకా తిప్పేశాడు. టీచరు వీధి చివరికి చేరేలోపు ఫ్యూజు ఎగిరిపోయింది, నేనే నడిచెళ్ళి మార్చి, నాబు వెనక్కి తిప్పి వచ్చాను. ఆ ఫ్యూజు పాపం కూడా నా ఖాతాలోనే పడింది. వాడు తిప్పాడని నేనంటే, "పెద్దదానివి, వాడి మీద చెబుతావేంటి" అన్నాడు మా ఆయన. చూశారా చోద్యం!

ఇదిగో, ఇప్పుడు మూడోసారి.

"ఒక్క గంట ఇవ్వండి మామయ్యా," అన్నాను, డాష్‌బోర్డు కింద నుంచి బయటికొచ్చి. "గంటలో కనిపెట్టలేకపోతే మీరు చెప్పకుండానే వెళ్ళి కౌంటర్లో కూర్చుంటాను."

ఆయన నా వైపు కాదు, వీధి వైపు చూశారు. "ఎన్నిసార్లు చూస్తావమ్మా? చెయ్యి మారితేనే మంచిది. చిన్నోడు చూస్తాడులే."

"వాడు చూసిందానికేగా ఫ్యూజు కాలింది!"

"వదినా, అన్నీ నా మీదకి తోస్తే ఎలా?" మా మరిది.

అంతసేపూ వింటున్న టీచరు చెయ్యెత్తింది. "మీ ఇంటి గొడవలు మీరు తర్వాత పడండి. నా కారులో తీగలు లాగింది ఈమేగా? ఈమే చూడనివ్వండి. నేనూ ఇక్కడే కూర్చుంటా. గంట కదా, చూద్దాం."

 పెద్దాయన వద్దనలేదు కాబట్టి అదే సరేననుకుని డిక్కీ తెరిచాను.

టీచర్ని డ్రైవరు సీటులో కూర్చోబెట్టి, ఆమె రోజూ వేసే పాటే వేయించాను. "మీరు వింటూ ఉండండి. ఏ కాస్త తేడా వినిపించినా అరవండి," అన్నాను. డిక్కీలో మోకాళ్ళ మీద కూర్చుని, యాంప్లిఫయరు మూత తీసి, మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. కరెంటు వస్తోంది. పాట వస్తోంది. నాబులన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. రెండు వూఫర్ల మీదా చెరో చెయ్యి పెట్టాను. రెండూ అదురుతున్నాయి. చేతికి అదిరేది చెవికి ఎందుకు రావట్లేదో ఆలోచిస్తే తల తిరిగిపోయింది. అరగంట అలాగే గడిచింది. మా మరిది మధ్యలో రెండుసార్లు వచ్చి గోడ గడియారం వైపు చూపించి వెళ్ళాడు. వాడి నెత్తిన స్పానరు వేయాలనిపించింది.

కుడివైపుది ఒక్కటే మోగితే ఎలా ఉంటుందో విందామని, యాంప్లిఫయరు దగ్గర ఎడమ వూఫరు తీగను ఊడదీశాను.

"ఆఁ! అదీ!" ముందు నుంచి టీచరు కేక. "వచ్చింది! ఏం చేశావమ్మా? ఏం చేశావ్?"

నేను ఏం చేశాను? రెండు మోగుతుంటే ఒకదాన్ని తీసేశాను. తీసేస్తే సగమవ్వాలి కదా. సగం కాదు, రెట్టింపైంది. మళ్ళీ తీగ పెట్టాను. దరువు చచ్చింది. ఈసారి కుడివైపుది తీశాను. దరువు లేచి కూర్చుంది. ఏది తీసినా వస్తోంది, రెండూ ఉంటే పోతోంది. అప్పుడు తెలిసింది నాకు. 

విషయం ఏమిటంటే, ఒక వూఫరు గాలిని బయటికి తోస్తున్న క్షణంలోనే రెండోది లోపలికి లాక్కుంటోంది. ఒకరు తొట్టిలో నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు అదే వేగంతో తోడేస్తున్నట్టు. తొట్టి ఎప్పటికి నిండుతుంది? రెంటిలో ఒకదానికి ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. ఎక్కడ తారుమారయ్యాయన్నదే మిగిలింది.

యాంప్లిఫయరు దగ్గర, అంటే నా చివర, చూశాను. రెంటికీ ఎరుపు ప్లస్‌లో, నలుపు మైనస్‌లో. బాగానే ఉంది. టార్చిలైటులోంచి ఒక సెల్లు తీసి, ఎడమ వూఫరు తీగలకు ఇటు చివర నుంచే ఆనించాను. వూఫరు అట్ట టక్కున బయటికి పొంగింది. అలాగే ఉండాలి. అదే సెల్లును అదే తీరున కుడి వూఫరు తీగలకు ఆనించాను. అట్ట లోపలికి పోయింది. ఇంకోసారి ఆనించాను. మళ్ళీ లోపలికే. పెట్టె లోపల ఏమైనా తేడా ఉందేమోనని మరలు విప్పి వూఫరును బయటికి లాగి చూశాను. అక్కడా ఎరుపు ప్లస్‌కే ఉంది. అటు చివర సరే. ఇటు చివర సరే. మధ్యలో ఉన్నది ఒక్కటే, తెల్ల టేపు.

మా ఆయన ఎప్పుడొచ్చాడో, నా భుజం వెనక నిలబడి ఉన్నాడు. అట్ట లోపలికి పోవడం చూశాడు. పని పెద్దగా రాకపోయినా పుట్టి పెరిగింది ఈ షాపులోనే, అర్థం కాకపోవడానికేముంది?

"టేపు జోలికి పోకు," అన్నాడు గొంతు తగ్గించి.

"తప్పు అక్కడే ఉందండీ."

"ఉండనీ. నీ చివర్లో ఎరుపూ నలుపూ మార్చి బిగించెయ్. అటు తిరగబడింది, ఇటూ తిరగబడితే సరిపోతుంది. దరువు వస్తుంది, ఆవిడ వెళ్ళిపోతుంది, నువ్వు గెలిచినట్టే. నాన్నకి తెలియక్కర్లేదు."

మా ఆయన చెప్పింది నిజమే. అరనిమిషం పని. రెండు మరలు. ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్క క్షణం నా చెయ్యి స్క్రూడ్రైవరు మీదికి పోయిందని ఒప్పుకుంటాను. కానీ అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"అంటే బాగున్న నా పనిని నా చేత్తో నేనే చెడగొట్టుకోవాలా? రేపెవరైనా ఈ మూత తీసి చూస్తే ఎరుపు మైనస్‌లో కనబడుతుంది. అప్పుడు ఎవరి తప్పంటారు?"

"ఎవరు చూస్తారే?"

"మీ తమ్ముడు చూస్తాడు! ముందు వాడే చూస్తాడు! చూసి ఊరంతా చూపిస్తాడు!"

"మెల్లిగా మాట్లాడు. ఆయన పెద్దవారు. ముప్ఫై ఏళ్ళ పేరు..."

"నావి పద్నాలుగేళ్ళు. అవి ఏళ్ళు కావా?"

మా ఆయన మంచివాడే, కాదనను. కానీ ఈ మనిషి మంచితనమంతా ఎప్పుడూ నేను నోరు మూసుకోవడం దగ్గరే తేలుతుంది. నేను కత్తెర తీసుకుని తెల్ల టేపును నిలువునా కోసేశాను.

"వదినా! అది నాన్న ముడి!" మా మరిది ఒక్క అంగలో వచ్చాడు. టీచరు పాట ఆపేసి సీటులోంచి దిగి వచ్చింది. స్టూలు కిర్రుమన్న చప్పుడు వినబడింది. పెద్దాయన లేచారు.

తెల్ల టేపు ఊడదీసి, నల్ల టేపు ఒక్కో చుట్టూ విప్పాను. లోపల, బిగువుగా, అందంగా, మెలిక మీద మెలిక సమానంగా పడిన ముడి. అలాంటి ముడి ఇంకెవరూ వేయలేరు. ఎరుపు తీగ నలుపుతో, నలుపు తీగ ఎరుపుతో.

"చూడండి," అన్నాను. 

మా మరిది తొంగి చూశాడు. వాడి మొహంలో నవ్వు పోయింది, కానీ నోరు ఊరుకోదుగా. "ఇందాక నువ్వే విప్పి మార్చి మళ్ళీ చుట్టావేమో, ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు," అంది టీచరు. "ఇంతసేపూ కారులోనే ఉన్నా. నా కళ్ళ ముందే విప్పింది. నోటికొచ్చింది అనకు బాబూ."

పెద్దాయన వచ్చి డిక్కీలోకి వంగారు. ముడిని చూడలేదు. వేళ్ళతో తడిమారు, ఒకసారి, రెండోసారి. "మెలిక నాదే," అన్నారు. తర్వాత నిటారుగా నిలబడి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, టీచరు వైపు తిరిగి, ఎప్పుడూ షాపుకొచ్చినవాళ్ళతో మాట్లాడే ఆ నిండు గొంతుతో చెప్పారు.

"చిన్న పొరపాటు టీచరమ్మా. వైరింగులో ఒక చోట తిరగబడింది. దొరికిందిగా, మా కోడలు సరి చేసేస్తుంది. ఇంక మీకు ఇబ్బంది ఉండదు."

వైరింగులో! వైరింగు చేసింది నేను. ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఏమనుకుంటారు? కోడలు తప్పు చేసింది, కోడలే దిద్దుకుంది అనుకుంటారు. నాకు ఏడుపు రాలేదు. కోపానికి ఏడుపు కూడా రాలేదు.

"ఎవరి పొరపాటో కూడా చెప్పండి మామయ్యా," అన్నాను.

 ఆయనకు నేను ఎదురు మాట్లాడటం అదే మొదలు.

"పని చూడమ్మా," అన్నారాయన.

"చూడను. నా పని బాగానే ఉంది. బాగాలేనిది మీ ముడి. మీ ముడి ఇంకెవరూ ముట్టుకోకూడదుగా? మీరే వేయండి." ముడి విప్పేసి, నాలుగు తీగ కొసల్నీ ఆయన చేతిలో పెట్టాను. పొగరుగానే పెట్టాను. ఆయన్ని కాస్త ఉడికించాలనే తప్ప నా మనసులో ఇంకేమీ లేదు.

ఆయన తీగలు పట్టుకున్నారు. మొహానికి దగ్గరగా తెచ్చుకున్నారు. వెలుతురు వైపు కొంచెం తిప్పారు. మళ్ళీ ఇటు తిప్పారు. వేళ్ళు ఒక జతను కలపబోయి ఆగాయి. ఇంకో జత దగ్గరికి వెళ్ళి అక్కడా ఆగాయి. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసిన పని అది. ఆగుతారేంటని నేను చిరాకుపడ్డాను కూడా. అప్పుడు ఆయన నా వైపు కొంచెం వంగి, నాకు తప్ప ఇంకెవరికీ వినబడకూడదన్నట్టు అడిగారు.

"ఎరుపేది?"

 మా ఆయన దగ్గరే ఉన్నాడు, విన్నాడు. మా మరిది విన్నాడు. టీచరూ వింది.

"ఎన్నాళ్ళ నుంచి మామయ్యా?"

"ఆర్నెల్లు." తీగల్ని వదల్లేదు ఆయన. "ఎండలో తెలుస్తుంది. డిక్కీలోకి వంగితే అంతా ఒకటే నలుపు. కళ్ళల్లో పొర అట. చూపించుకోవాలనుకుంటూనే ఉన్నా."

"మరి ఈ కారు మొదటిసారి తిరిగొచ్చినప్పుడు? మీకు అనుమానం రాలేదా?"

ఆయన రాలేదంటే నమ్మేదాన్ని. నమ్మాలనే ఉంది నాకు. దేవుడి సాక్షిగా, ఆయన "రాలేదమ్మా" అనుంటే అక్కడితో వదిలేసేదాన్ని.

"వచ్చింది," అన్నారు. "అప్పుడు ముందు సీట్లో కూర్చుని విన్నా కదా. చెవులు బాగానే ఉన్నాయి. తిరగబడిందని విన్నప్పుడే అర్థమైంది. విప్పితే నా ముడే అని తేలిపోతుంది. అందుకని నోరు విప్పలేదు."

"తెలిసే నన్ను కౌంటర్లో కూర్చోమన్నారా?"

"ఏం చెయ్యమంటావమ్మా..."

"నన్నే ఎందుకు? మీ కొడుకులున్నారు. వాళ్ళ మీద పెట్టొచ్చుగా?"

 "నువ్వైతే పడతావనుకున్నా," అన్నారు.

ఆ మాట ఆయన మెత్తగానే అన్నారు. ప్రేమగా కూడా అన్నారేమో, తెలియదు. చెంప మీద కొట్టినా నాకు అంత మంట పుట్టేది కాదు. పద్నాలుగేళ్ళ క్రితం ఆయన అన్న మంచి మాట మీద నేను ఎంత బరువు మోశానో, ఆ మోయడాన్నే ఆయన లెక్కేసుకుని కూర్చున్నారన్నమాట. పడుతుంది, దీని మీద వేద్దాం అని.

అప్పుడు గుర్తుకొచ్చాయి మిగతావి. ఆర్నెల్లు అన్నారు. ఒక్క వూఫరు బళ్ళలో తిరగబడినా తేడా తెలియదు, కానీ ఈ ఆర్నెల్లలో రెండు వూఫర్ల బళ్ళు ఇంకో మూడు చేశాం. జిమ్ము యజమాని జీపు, లెక్చరరుగారి ఎర్ర కారు, కూరగాయలు టోకున అమ్మేవాళ్ళ వ్యాను. మూడూ తిరిగొచ్చాయి. మూడింటికీ నాకు తిట్లు పడ్డాయి. మూడింటిలో తెల్ల టేపు ముట్టుకోకుండా అన్నీ విప్పి అన్నీ బిగించి పంపాను. నా చేతిలో పనితనం పోయిందేమోనని ఎన్ని పూటలు అన్నం సహించలేదో నాకు తెలుసు. లెక్చరరుగారైతే, "పెద్దాయన చెప్పారమ్మా, ఈ మధ్య నీకు పని మీద ధ్యాస ఉండట్లేదటగా" అని నన్ను బజారులో నిలబెట్టి అడిగాడు. ధ్యాస లేకపోవడమేంటండీ అని ఆయన మీద విసుక్కున్నాను కూడా.

"ఆ ముగ్గురికీ ఏమని చెప్పారు మామయ్యా?"

ఆయన తల దించుకున్నారు. "మా కోడలు తీగలు మార్చి పెట్టింది, సరి చేయిస్తున్నా అని."

"ఇంక చాల్లే," మా ఆయన అడ్డొచ్చాడు. "ఆయన ఒప్పుకున్నారుగా. కళ్ళు కనబడక జరిగింది. పెద్ద మనిషిని బయటివాళ్ళ ముందు ఇలా..."

"నన్ను ఎవరి ముందు అన్నారు? లోపలివాళ్ళ ముందా?" అన్నాను. "కళ్ళు కనబడకపోవడం తప్పని నేనన్లేదు. మొదటిరోజే నాతో చెబితే, ప్రతి కారు దగ్గరా పక్కన కూర్చుని ఇది ఎరుపు, ఇది నలుపు అని చెప్పేదాన్ని. చచ్చేదాకా చెప్పేదాన్ని. ఒక్కరికీ తెలియనిచ్చేదాన్ని కాదు."

మా ఆయన కౌంటరు వెనక్కి నడిచాడు. మా మరిది అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళిపోయి, సర్దినవే మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు.

నేను పెద్దాయన చేతిలోంచి తీగలు తీసుకున్నాను. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు మెలిపెట్టాను. నా మెలిక ఆయన మెలిక అంత అందంగా ఉండదు, గట్టిగా మాత్రం ఉంటుంది. నల్ల టేపు చుట్టి వదిలేశాను. వూఫరును పెట్టెలో పెట్టి మరలు బిగించి, టీచర్ని పాట వేయమన్నాను. ఆమె వేసింది. దరువు వచ్చింది, మామూలుగా కాదు. గోడకు వేలాడదీసిన స్పానర్లు గలగలలాడాయి. టీచరు ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని నిలబడి, కాసేపటికి పాట ఆపేసింది. ఆ మూడు బళ్ళ సంగతి విన్నాక ఆమెకు సంబరపడటానికి మనసు రానట్టుంది.

"వెళ్ళొస్తానమ్మా," అంది. తర్వాత పెద్దాయన వైపు తిరిగి, "కళ్ళు చూపించుకోండి బాబుగారూ," అని, ఇంకేదో అనబోయి మానేసి, కారెక్కి వెళ్ళిపోయింది.

పెద్దాయన మళ్ళీ స్టూలు మీద కూర్చున్నారు. చిన్నగా అయిపోయారు మనిషి. ఆ కూర్చోవడం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. నాకూ వేసింది. వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఈ జాలి చూసుకునేగా ఇంతదాకా తెచ్చారు!

కౌంటరు సొరుగులోంచి ఫోన్ నంబర్ల పుస్తకం తీశాను. జిమ్ము యజమాని పేరు వెతికి, నా సెల్‌ఫోన్‌లో నంబరు నొక్కాను. అవతల మోగుతుండగా తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను.

"ఏంటమ్మా ఇది?"

"జీపాయన. మాట్లాడండి."

"ఏమని?"

"ఏం చెప్పారో అది కాదని."

మా ఆయన కౌంటరు దాటి రెండడుగులు వేశాడు. నేను అతని వైపు చూశాను. అక్కడే ఆగిపోయాడు.

అవతల ఎవరో హలో అన్నారు. పెద్దాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. ముందు ఆరోగ్యం అడిగారు. పిల్లల గురించి అడిగారు. ఎండలు ముదిరాయన్నారు. నేను ఆయన ఎదురుగా, చేతులు కట్టుకుని, అలాగే నిలబడ్డాను. మాటలు అయిపోయాయి ఆయనకి.

"అదే బాబూ... మీ జీపులో దరువు రావట్లేదన్నప్పుడు నేనో మాట చెప్పాను. మా కోడలు తీగలు మార్చేసిందని. అది అబద్ధం. ఆ పిల్ల తప్పేం లేదు. మార్చి కలిపింది నేను. నాకు కళ్ళు సరిగ్గా కనబడట్లేదు." ఆగి విన్నారు. "ఆఁ. తెలిసే చెప్పాను బాబూ. తెలిసే." మళ్ళీ విన్నారు. "లేదు లేదు, నేను ముట్టుకోను. బండి తీసుకురండి. మా కోడలు చూస్తుంది."

ఫోన్ నా చేతికి తిరిగిచ్చారు. కళ్ళు తుడుచుకున్నారు. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను. ఆయన తాగేదాకా ఆగాను. గ్లాసు కింద పెట్టి, అయిపోయిందా అన్నట్టు నా మొహంలోకి చూశారు.

లెక్చరరుగారి నంబరు నొక్కి, ఫోన్ మళ్ళీ ఆయన చేతిలో పెట్టాను.